ఫిలిప్పీన్స్ వారి స్వభావాన్ని ఎవరి కోసం రాశారు?

మా అక్క కొడుకు ఫిలిప్పీన్స్‌లోని దావావో నగరంలో వైద్యవిద్య చదువుతున్నాడు. అతన్ని పంపేముందు ఒక కన్సల్టెన్సీ వారు తల్లిదండ్రులకు ఇచ్చిన చిన్న పుస్తకం ఈ మధ్య అక్క ఇంట్లో నా చేతికి దొరికింది. ఫీజులు, హాస్టలు, వాతావరణం, మన భోజనం దొరికే చోట్లు అన్నీ అయ్యాక చివర్లో 'ఫిలిప్పీన్స్ ప్రజల స్వభావం' అని ఒక శీర్షిక ఉంది. ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు, ముఖం మీద కాదని చెప్పలేరు, గొడవలకు దిగరు, పరువుకు ప్రాణమిస్తారు, చేసిన మేలు మరిచిపోరు, కుటుంబం కోసం ఎంత కష్టమైనా పడతారు అన్నది దాని సారాంశం. 7,000కు పైగా దీవులు, 170కి మించిన భాషలు, 11 కోట్ల పైచిలుకు జనం ఉన్న దేశానికి అర పేజీ సరిపోయింది.

ఆ పేజీ చూసి నవ్వుకుని వదిలేసేవాణ్ణే. కానీ అందులోని అంశాలు ఏజెంటు కూర్చుని ఊహించినవి కావు. ఆ వరుస మనీలాలోని సామాజిక శాస్త్రవేత్తలు 1960ల మొదట్లో తయారుచేసిన పట్టికకు చాలా దగ్గరగా ఉంది. శాస్త్రం చెప్పిన మాట పాఠ్యపుస్తకాల్లోకి, అక్కడినుంచి శిక్షణ తరగతుల్లోకి, ఉద్యోగ ప్రకటనల్లోకి దిగి, చివరికి తెలుగు తల్లిదండ్రుల చేతిలోని కరపత్రం దాకా వచ్చింది. ఈ ప్రయాణంలో పోయినదల్లా ఒక్కటే: ఆ పట్టిక మీద ఫిలిప్పీన్స్ పండితులు యాభై ఏళ్లుగా చేస్తున్న యుద్ధం.

ఆ యుద్ధం గురించి చదివినకొద్దీ నాకు ఒక అభిప్రాయం బలపడింది. ఫిలిప్పీన్స్ మీద జరిగిన వ్యక్తిత్వ పరిశోధనలో 'వీరు ఇలాంటివారు' అని చెప్పే భాగం, అది విదేశీయులు చెప్పినా స్వదేశీయులు చెప్పినా, కొలతకు పెట్టినప్పుడు సన్నబడిపోయింది. 'ఒక మనిషి ఎలాంటివాడో తెలుసుకోవాలంటే అడిగేవాడు ఏ స్థానంలో ఉండాలి' అని చెప్పిన భాగం మాత్రం ఇప్పటికీ గట్టిగానే ఉంది. విచిత్రం ఏమిటంటే, ప్రచారం మొదటిదానికి దక్కింది.

పట్టిక పుట్టిన చోటు

1960లో ఆతెనెయో దె మనీలా విశ్వవిద్యాలయంలో ఫిలిప్పీన్ సంస్కృతి అధ్యయన సంస్థ ఏర్పడింది. దాన్ని స్థాపించిన ఫ్రాంక్ లించ్ అమెరికాకు చెందిన జెసూయిట్ పాద్రీ, మానవశాస్త్రవేత్త. అంతకుముందు బికోల్ ప్రాంతంలోని ఒక పట్టణంలో సామాజిక వర్గాల మీద పనిచేశాడు. పల్లపు ప్రాంతాల ఫిలిప్పీన్స్ సమాజంలో మనుషుల్ని నడిపించే ప్రధాన ప్రేరణ నలుగురి ఆమోదం పొందడమేనని, అందుకే సంబంధాలు ఒడిదుడుకులు లేకుండా సాగేలా చూసుకోవడం వారికి ముఖ్యమైన విలువ అని అతను ప్రతిపాదించాడు. నలుగురితో సర్దుకుపోవడం, కటువైన మాటను మెత్తగా చెప్పడం, ఇబ్బందికరమైన విషయాలకు మధ్యవర్తిని పంపడం అనే మూడూ అందుకు సాధనాలన్నాడు. 1961లోనే చార్లెస్ కౌట్ అనే మానవశాస్త్రవేత్త మనీలా పరిసరాల్లోని టగలోగ్ భాషవారి మధ్య 'ఉతాంగ్ నా లోఓబ్', అంటే మనసుకు సంబంధించిన రుణం, ఒక రకమైన ఒప్పంద వ్యవస్థగా ఎలా పనిచేస్తుందో రాశాడు. మూడేళ్ల తరవాత హైమే బులతావో అనే జెసూయిట్ మనస్తత్వవేత్త 'హియా' మీద రాశాడు. సిగ్గు, జంకు, పరువు మూడూ కలిసిన భావం అది.

వీటిని చదివితే, రాసినవారు మూర్ఖులని గానీ ద్వేషంతో రాశారని గానీ అనిపించదు. లించ్ పరిశీలనలో సూక్ష్మత ఉంది, ఆ జనం మీద ఆప్యాయత కూడా ఉంది. చిక్కు మరోచోట ఉంది. 1961లోనే అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ 'పీస్ కోర్' యువతీయువకులను పెద్ద సంఖ్యలో ఫిలిప్పీన్స్ పల్లెల్లో బడిపంతుళ్లకు సహాయకులుగా దింపింది. వారికి ఈ దేశస్థులతో ఎలా మెలగాలో చెప్పడానికి ఒక సులువైన సూత్రావళి కావలసి వచ్చింది. కొత్తగా వచ్చిన పరాయివాడు ఇరుకున పడకుండా పని జరుపుకోవడానికి ఏమి తెలుసుకోవాలో, ఆ సూత్రావళి అదే చెబుతుంది. వారు కాదని చెప్పరు కనుక 'సరే' అన్న మాటను నమ్మకు, నలుగురిలో తప్పు పట్టకు, ముందు స్నేహం చేసుకో. అతిథికి ఇది మంచి సలహాయే. కానీ అతిథి ముందు ఇంటివారు ఎలా ఉంటారో చూసి ఆ ఇంటివారి స్వభావమే అంత అని తేల్చడం వేరే సంగతి. 1966 నాటికే రాబర్ట్ లాలెస్, లాండా హొకానో అనే మానవశాస్త్రవేత్తలు ఈ సిద్ధాంతం మీద ఆక్షేపణలు తెలిపారు. అయినా పట్టిక చెక్కుచెదరలేదు. వాడుకలో సౌకర్యం ఉన్న సిద్ధాంతానికి ఆక్షేపణలు అంత త్వరగా తగలవు.

ఎన్రికెస్ తిరగబడిన తీరు

మనస్తత్వవేత్త విర్హీలియో ఎన్రికెస్ 1971లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పూర్తిచేసుకుని ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయానికి తిరిగివచ్చాడు. మరుసటి ఏడాదే దేశాధ్యక్షుడు మార్కోస్ సైనిక చట్టం విధించాడు. వీధుల్లో విద్యార్థుల నిరసనలు, తరగతుల్లో ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు, బయట భయం. ఈ వాతావరణంలో అతను మనస్తత్వశాస్త్రాన్ని ఫిలిప్పీనో భాషలో బోధించడం, విద్యార్థుల చేత ఆ భాషలోనే పరిశోధన రాయించడం మొదలుపెట్టాడు. 1975లో 'సికొలొహియాంగ్ పిలిపినో', అంటే ఫిలిప్పీన్స్ మనస్తత్వశాస్త్రం, పేరిట జాతీయ సమావేశం జరిగింది, ఒక సంఘం ఏర్పడింది.

అతని వాదన రెండు అంచెల్లో ఉంటుంది. మొదటిది, పట్టికలోని సర్దుబాటు, సిగ్గు, రుణభావం పైపొర విలువలని, కింద ఉన్న మూలభావాన్ని విడిచిపెట్టి వాటిని విడివిడిగా చూడటం వల్లే అవి లొంగుబాటు లక్షణాల్లా కనిపిస్తున్నాయని అతను అన్నాడు. ఆ మూలభావం 'కప్వా': ఎదుటి మనిషిలో తనను చూసుకోవడం, తానూ ఇతరుడూ అనే గీతకు ముందే ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న మనిషితనాన్ని గుర్తించడం. రెండవది, వలస పాలనకు, బయటి పండితులకు అవసరమైన మెత్తని విలువలే లెక్కకు వచ్చాయని, ఎదురు తిరిగే విలువలను ఎవరూ లెక్కించలేదని అతను ఎత్తిచూపాడు. తెగింపు, గుండెదిటవు, కలిసి పోరాడటం కూడా అక్కడి మనుషులను నడిపించేవే. 1986 ఫిబ్రవరిలో మనీలాలోని ఎద్సా రహదారి మీద లక్షలమంది ట్యాంకులకు అడ్డంగా నిలబడి మార్కోస్‌ను దించినప్పుడు, 'గొడవలకు దిగని జాతి' అన్న మాట ఏమైందో ఎవరైనా అడగవలసింది.

ఈ తిరుగుబాటులో నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ ఎన్రికెస్‌ది కాదు, అతని కన్నా పెద్దవాడైన అల్ఫ్రెడో లగ్మాయ్‌ది. హార్వర్డులో ప్రవర్తనవాద మనస్తత్వవేత్త స్కిన్నర్ దగ్గర చదువుకున్నవాడు కనుక మెత్తని జాతీయతావాది అని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఫిలిప్పీన్స్ వారు ప్రమాదంలోకి, పరీక్షలోకి, సముద్రంలోకి దిగేముందు 'బహాలా నా' అంటారు. దేవుడి మీద భారం వేసి చేతులు ముడుచుకునే వేదాంతం అని అంతకుముందు దానికి అర్థం చెప్పేవారు. లగ్మాయ్ 1977లో దీన్ని తలకిందులు చేశాడు. ఆ మాట ఎప్పుడు అంటున్నారో చూడండి అన్నాడు. తగినంత సమాచారం చేతిలో లేనప్పుడు, ఫలితం తెలియనప్పుడు, అయినా వెనక్కి తగ్గకుండా అడుగు వేసే క్షణంలో అంటున్నారు. చేతులు ముడుచుకునేవాడికి ఆ మాటతో పని లేదు, దిగేవాడికే ఉంది. మాటను సందర్భంలో పెట్టి చూసేసరికి అదే మాట జాతి బలహీనతగా కాక, అనిశ్చితిలో బతికేవారి ధైర్యంగా కనిపించింది.

అయితే ఇక్కడే నాకు మొదటి అనుమానం వస్తుంది. లగ్మాయ్ చేసింది ఒక ప్రవర్తనను దాని పరిస్థితిలో పెట్టి చూడటం. ఎన్రికెస్ అనుచరులు చాలామంది చేసింది ఒక పట్టిక స్థానంలో ఇంకో పట్టిక పెట్టడం: పై విలువలు, మూల విలువ, ఎదిరించే విలువలు, సామాజిక విలువలు అని బడిలో బట్టీ పట్టించదగిన చార్టు. కప్వా గురించి చదివిన తెలుగు పాఠకుడు, తమిళుడు, ఇండోనేషియావాడు కూడా 'ఇది మాలోనూ ఉందే' అనుకుంటాడు. అలా అనుకుంటే ఎన్రికెస్‌కు నష్టమేమీ లేదు గాని, అది ఫిలిప్పీన్స్ వారి ప్రత్యేక స్వభావమనే మాటకు నష్టమే.

కొలిచి చూస్తే

ఈ అనుమానాన్ని కొలతతో పరీక్షించినవారు ఉన్నారు, అది ఈ రంగం గొప్పతనం. అన్నాడెయిసీ కార్లోటా 1980లలో స్థానిక భావనల ఆధారంగా ఒక వ్యక్తిత్వ పరీక్షను తయారుచేసింది. ఎన్రికెస్, గ్వాన్సోన్ కలిసి ఒకటి, గ్రెగోరియో దెల్ పిలార్ మరొకటి రూపొందించారు. తిమోతి చర్చ్, మార్సియా కతిగ్బక్ అనే పరిశోధకులు ఇంకో దారి పట్టి, టగలోగ్ నిఘంటువులోంచి మనుషుల స్వభావాన్ని వర్ణించే విశేషణాలన్నీ ఏరి, జనం ఆ మాటలతో తమకు తాము మార్కులు వేసుకున్నప్పుడు ఏవేవి కలిసి గుంపులు కడతాయో లెక్కగట్టారు. ఏడు గుంపులు వచ్చాయి. ఇతరుల పట్ల శ్రద్ధ, బాధ్యతగా పనిచేయడం, కలుపుగోలుతనం, తెలివి, ఆత్మవిశ్వాసం, చిరాకుగుణం, బొత్తిగా చెడ్డ లక్షణాలు. మనిషి స్వభావాన్ని అయిదు ముఖ్య గుణాల్లో కొలిచే, పశ్చిమ దేశాల్లో ప్రసిద్ధమైన అయిదు గుణాల నమూనాతో పోలిస్తే అంచులు కాస్త అటూ ఇటూగా ఉన్నాయి గాని, పూర్తిగా అపరిచితమైనది ఏదీ లేదు.

అసలు పరీక్ష 2002లో వచ్చింది. పైన చెప్పిన స్థానిక పరీక్షలను తయారుచేసినవారిలో కార్లోటా, గ్వాన్సోన్, దెల్ పిలార్ కతిగ్బక్, చర్చ్‌లతో కలిసి, తమ కొలబద్దలను అయిదు గుణాల నమూనా పక్కన పెట్టి విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద పరీక్షించారు. తాము పెంచిన చెట్టు నిజంగా కొత్త జాతిదో కాదో తామే చూసుకోవడానికి నిజాయితీ కావాలి. స్థానిక గుణాల్లో అత్యధికం అయిదు గుణాల నమూనాలో ఇమిడిపోయాయి. ఇతరుల విషయాల్లో ఆసక్తితో కూడిన మాటకారితనం, సాహసం, దైవభక్తి వంటి కొన్ని మాత్రం అంతగా ఇమడలేదు. సిగరెట్టు, మద్యం, జూదం, ప్రార్థన వంటి అలవాట్లను అంచనా వేయడంలో స్థానిక పరీక్షలు కొంత అదనపు బలాన్ని ఇచ్చాయి. కొంతే.

దీన్ని చూపించి 'చూశారా, ఎన్రికెస్ చెప్పింది జాతీయావేశమే' అనేవారు ఉన్నారు. నేను అంత దూరం పోను. ఎందుకంటే ఈ కొలతల్లో పాల్గొన్నవారు విద్యార్థులు, పద్ధతి కాగితం మీది ప్రశ్నావళి. నీ గురించి నువ్వు ఎంత మార్కు వేసుకుంటావని అడిగే పద్ధతిలో, ఏ దేశంలోనైనా మనిషి తన చుట్టుపక్కలవారితో పోల్చుకునే మార్కు వేసుకుంటాడు. పక్కవారందరూ మర్యాదస్తులైతే మర్యాదస్తుడు కూడా తనకు సగటు మార్కే వేసుకుంటాడు. ఇలాంటి సాధనానికి కప్వా దొరకకపోవడం, కప్వా లేదనడానికి రుజువు కాదు. కానీ ఉందనడానికీ రుజువు కాదు కదా అని ఎవరైనా అంటే నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకోవలసిందే.

జాతి స్వభావాల మీద సాధారణంగా మనకున్న నమ్మకాల సంగతి ఇంకా అన్యాయం. 2005లో 49 సంస్కృతుల్లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం, తమ జాతి సగటు మనిషి ఎలాంటివాడని జనం అనుకుంటారో, అదే జనాన్ని విడివిడిగా కొలిచినప్పుడు వచ్చే సగటు ఏమిటో పోల్చింది. రెండింటికీ పొత్తు కుదరలేదు. అంటే తమ గురించి తాము చెప్పుకునే కథలే కొలతతో సరిపోవడం లేదు. ఇక కరపత్రం రాసినవాడి కథ సంగతి చెప్పేదేముంది?

అడిగేవాడు ఎక్కడ కూర్చున్నాడు

ఎన్రికెస్ వారసత్వంలో నాకు నిజంగా విలువైనదిగా కనిపించేది ఇక్కడుంది. 1970ల మధ్యలో కార్మెన్ సాంతియాగో, ఎన్రికెస్ కలిసి పరిశోధన పద్ధతి గురించి ఒక వాదన చేశారు. మనిషి పరాయివాడితో మెలిగే తీరుకు, తనవాడితో మెలిగే తీరుకు మధ్య మెట్లు ఉంటాయి. మర్యాదకు మాట్లాడటం, కలవడం, పాల్గొనడం, సర్దుకుపోవడం, ఆపైన మనసులు పరస్పరం కుదుటపడటం, చివరికి ఒకటైపోవడం. పరిశోధకుడు పరాయి మెట్ల మీదే ఉండి ప్రశ్నలడిగితే దొరికేది మర్యాద సమాధానం. మనసులు కుదుటపడిన మెట్టుకు చేరనిదే సేకరించిన సమాచారానికి నాణ్యత లేదు. అందుకు తగిన పద్ధతులుగా వారు, వారి తరవాత రొహేలియా పె-పువా తదితరులు, 'పగ్తతనోంగ్-తనోంగ్' వంటివాటిని అభివృద్ధి చేశారు. ప్రశ్నల క్రమం ముందే బిగించుకోకుండా, ఒకరి దగ్గర విన్నదాన్ని ఇంకొకరి దగ్గర మళ్లీ కదిపి చూస్తూ, అవతలివారు కూడా తనను ప్రశ్నించే వీలిస్తూ, కబుర్లలా అడిగి తెలుసుకోవడం అది.

ఇది పుస్తకంలో చదివినప్పుడు నాకు కొంచెం నాటకీయంగానే అనిపించింది. మా మేనల్లుడు ఫోనులో చెప్పిన ఒక సంగతి విన్నాక అలా అనిపించలేదు. ఆసుపత్రి వార్డులో ఒక పెద్దాయన దగ్గర రోగ వివరాలు రాసుకోమని అతన్ని పంపారు. దావావోలో జనం మాట్లాడేది సెబువానో. మనవాడికి అది కొద్దికొద్దిగా వస్తుంది, మిగిలింది ఇంగ్లీషుతో పూరిస్తాడు. మందులు వేసుకుంటున్నారా అంటే అవునన్నాడు, క్రమంగానా అంటే అవునన్నాడు, ఉప్పు తగ్గించారా అంటే నవ్వి అవునన్నాడు. కాగితం చక్కగా నిండింది. తరవాత అక్కడికే చెందిన సహవిద్యార్థిని వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆయనది ఏ ఊరు, ఏ పక్క, అక్కడ ఫలానావారు ఆమె పిన్నికి చుట్టాలు కదా, కొబ్బరి ధర ఎలా ఉంది అని మాట్లాడింది. ఆయన కూడా ఆమెను తండ్రి ఏం చేస్తాడని, ఎందరు తోబుట్టువులని అడిగాడు. ఇరవై నిమిషాలయ్యాక ఆయనే చెప్పాడు: రక్తపోటు మాత్రలు రెండు నెలల కిందటే ఆపేశాడు, ఆ డబ్బు మనవరాలి బడి ఖర్చుకు వెళ్తోంది, కొడుకుకు తెలియకూడదు.

"మావయ్యా, నాకు అబద్ధం చెప్పాడని కోపం వచ్చింది ముందు," అన్నాడు మావాడు. "తను మాత్రం, నువ్వు డాక్టరువి కదా, నీకు చెప్పాల్సింది చెప్పాడు, అంతేగా, అంది."

లించ్ పట్టిక ప్రకారం మొదటి సంభాషణ ఫిలిప్పీన్స్ వ్యక్తిత్వానికి చక్కని ఉదాహరణ: కాదని చెప్పలేడు, పరువు పోతుందని జంకుతాడు, ఎదుటివాడిని నొప్పించడు. రెండవ సంభాషణ కూడా అదే మనిషిది, అదే మధ్యాహ్నానిది. ఈ రెంటిలో ఏది అతని వ్యక్తిత్వం? మొదటి సంభాషణ మనకు చెప్పేది ముసలాయన గురించి కన్నా, తెల్లకోటు వేసుకుని పరాయి భాషలో నిలబడి అడిగిన కుర్రాడి స్థానం గురించే ఎక్కువని నా ఉద్దేశం.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. మనసులు కలిసేదాకా ఆగి చేసే పరిశోధనను ఇంకొకరు మళ్లీ చేసి సరిచూడటం ఎలా? సహవిద్యార్థినికి చెప్పిన కథ కూడా ఆమె పిన్ని చుట్టాలకు చేరినా ఫరవాలేదనుకునే కథే అయి ఉండవచ్చు. పరాయివాడికే ధైర్యంగా చెప్పుకునే సంగతులు లోకంలో ఎన్నో ఉన్నాయి, రైల్లో ఎదురు సీటు మనిషికి చెప్పుకున్నట్టు. సన్నిహితుడికి దొరికేదే సత్యమనడం కూడా ఒక నమ్మకమే. నేను ఈ ఆక్షేపణను అంగీకరిస్తాను. అయినా ఈ పద్ధతి వాదులు ఒక పని సాధించారు: అడిగేవాడి స్థానాన్ని కూడా ఫలితంలో భాగంగా రాయమన్నారు. సాధారణ ప్రశ్నావళి దాన్ని రాయదు. ఏ స్థానం నుంచి అడిగితే ఏమి వచ్చిందో రెండూ పక్కపక్కన పెట్టిన పరిశోధన, ఏ ఒక్కదాన్నో నమ్మిన పరిశోధన కన్నా మెరుగు.

కప్వా ఆగిపోయే చోట

సికొలొహియాంగ్ పిలిపినో మీద దేశం లోపలే ఉన్న పాత ఫిర్యాదు, ఇది మనీలా చుట్టుపక్కల టగలోగుల మనస్తత్వాన్ని దేశానికంతటికీ అంటగడుతోందని. ఎన్రికెస్ సొంత ఊరు బులకాన్, టగలోగ్ గడ్డ. ఇతర భాషల్లోనూ సమానమైన భావనలు ఉన్నాయని అతను అన్నాడు గాని, భావన ముందు టగలోగులో పుట్టి తరవాత మిగిలినచోట్ల వెతకబడింది. దక్షిణాన మిందనావో దీవిలోని ముస్లిం సమూహాలు, ఉత్తరాన కోర్దిల్యేరా కొండజాతులు, సెబువానో మాట్లాడే కోట్లమంది ఈ 'మన' అనే మాటలోకి ఎవరి ఇష్టంతో వచ్చారన్నది మామూలు ప్రశ్న కాదు. పైగా అదే కాలంలో మార్కోస్ కూడా 'కొత్త సమాజం' పేరుతో జాతి ఆత్మ గురించి ఉపన్యాసాలిచ్చాడు. ఎన్రికెస్ ఉద్దేశం దానికి పూర్తిగా విరుద్ధమే. కానీ జాతి ఆత్మ అనే సరుకు ఎవరి దుకాణంలోనైనా అమ్ముడుపోతుంది.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టేది ఇటీవలి చరిత్ర. దావావో నగరానికి ఏళ్ల తరబడి మేయరుగా ఉన్న రొద్రీగో దుతెర్తె 2016లో అధ్యక్షుడయ్యాడు. మాదకద్రవ్యాల మీద యుద్ధమన్నాడు. అధికారిక లెక్కల ప్రకారమే పోలీసు చర్యల్లో 6,000 మందికి పైగా చనిపోయారు. మానవహక్కుల సంఘాల అంచనాలు దానికన్నా చాలా ఎక్కువ. చనిపోయినవారిలో అత్యధికులు మురికివాడల పేదలు. ఆ సంవత్సరాల్లో జరిగిన ప్రజాభిప్రాయ సర్వేలలో ఈ చర్యల పట్ల సంతృప్తి ఎక్కువగానే నమోదయింది. ఎదుటి మనిషిలో తనను చూసుకోవడమే మూల విలువ అయిన సమాజంలో ఇది ఎలా జరిగింది? కప్వా పరిధిలోంచి ఒక వర్గాన్ని ముందుగానే బయటికి నెట్టేశారని కొందరు పండితులు వివరించారు. అది సరైన వివరణే కావచ్చు. కానీ అప్పుడు ఆసక్తికరమైన విషయం కప్వా ఉండటం కాదు, దాని గీత ఎవరు గీస్తున్నారు, ఏ అధికారంతో గీస్తున్నారు అన్నది. ఆ ప్రశ్నకు వ్యక్తిత్వ పరీక్షలో జవాబు దొరకదు.

జాతి స్వభావం మీద నేరం మోపడం అక్కడ చాలా పాత అలవాటు. స్పెయిన్ పాలకులు ఆ దీవుల జనం సోమరులని అనేవారు. అక్కడి జాతీయోద్యమ రచయిత హొసే రిసాల్ 1890లో 'లా సొలిదరిదాద్' పత్రికలో దీనికి సుదీర్ఘంగా జవాబిచ్చాడు. సోమరితనం ఉందని ఒప్పుకున్నాడు; కానీ అది దుస్థితికి కారణం కాదని, నిర్బంధ చాకిరీ, యుద్ధాలు, పండించినది తన చేతికి రాని పాలన వల్ల పుట్టిన ఫలితమని వరుసగా చూపించాడు. దాదాపు వందేళ్ల తరవాత, మార్కోస్ గద్దె దిగిపోయాక 1988లో సెనేటరు లెటీసియా రామోస్ షహానీ చొరవతో వచ్చిన నైతిక పునరుద్ధరణ కార్యక్రమం జాతి బలాలు, బలహీనతల జాబితా ఒకటి తయారుచేయించింది. మితిమీరిన కుటుంబాభిమానం, క్రమశిక్షణ లేకపోవడం, చొరవ లేకపోవడం, ఎవరికి వారే అన్న ధోరణి బలహీనతలుగా తేలాయి. ఇరవై ఏళ్ల నియంత ఖజానా దోచిన దేశంలో, పరిశోధకులు జనం క్రమశిక్షణను తవ్వి చూశారు. సదుద్దేశంతోనే చేశారని నమ్ముతాను. రిసాల్ అయితే ఏమనేవాడో ఊహించడం కష్టం కాదు.

ప్రేరణకు ఖరీదు కట్టినవారు

వ్యక్తిగత ప్రేరణల విషయానికి వస్తే, ఫిలిప్పీన్స్‌లో అది విదేశీ ఉద్యోగం నుంచి విడదీయరానిది. 20 లక్షలకు పైగా మంది బయటి దేశాల్లో పనిచేస్తున్నారు. 2023లో బ్యాంకుల ద్వారా వారు ఇంటికి పంపినదే 3,300 కోట్ల డాలర్లు దాటింది. గల్ఫ్ ఆసుపత్రుల్లో పనిచేసిన మన నర్సులకు, ఇళ్లలో పనిచేసిన మన కడప, గోదావరి జిల్లాల ఆడవారికి వీరు పక్క మంచంవారు. ఎందుకు వచ్చావని అడిగితే తమ్ముళ్ల చదువు, అమ్మ మందులు, ఇల్లు అనే చెబుతారు. క్లినికల్ మనస్తత్వవేత్త లూర్దెస్ కరందాంగ్ కుటుంబాల్లో 'తగసాలో' అనే పాత్రను వివరించింది. పడిపోయేదాన్ని పట్టుకునే మనిషి, తరచుగా పెద్దకూతురు, ఇంట్లో ఎవరి బరువు జారినా తను మోసే పిల్ల. ఈ భావన నాకు ఎంతో నిజమనిపిస్తుంది, ఎందుకంటే ఇది జాతి గురించి చెప్పదు. ఇంట్లో ఒక స్థానం గురించి చెబుతుంది, ఆ స్థానంలో నిలబడిన మనిషి లోపల ఏమవుతుందో చెబుతుంది.

కానీ ఈ త్యాగబుద్ధిని సరుకుగా మార్చింది మనస్తత్వవేత్తలు కాదు, ప్రభుత్వం. 1974 కార్మిక చట్టంతో మార్కోస్ విదేశాలకు కార్మికులను పంపడాన్ని ప్రభుత్వ కార్యక్రమంగా మార్చాడు. 1988లో అధ్యక్షురాలు కొరసోన్ అకీనో ఇలా వెళ్లినవారిని 'కొత్త వీరులు' అంది. ఆ తరవాత ఫిలిప్పీన్స్ నర్సులు పుట్టుకతోనే సేవాగుణం ఉన్నవారు, ఓర్పు వారి రక్తంలో ఉంది అన్న ప్రచారం సులువుగా సాగింది. పుట్టుకతో వచ్చిందన్నదానికి జీతం పెంచనక్కర్లేదు కదా.

కుటుంబం కోసం బతికేవారికి స్వేచ్ఛ మీద మోజు ఉండదనే మాట కూడా ఈ ప్రచారంలో భాగమే. ఫిలిప్పీన్స్ సహా 8 దేశాల విద్యార్థుల మీద చర్చ్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో, తన నిర్ణయం తాను తీసుకుంటున్నాననే భావన వంటి అవసరాలు తీరడం అన్నిచోట్లా మనిషి క్షేమంతో ముడిపడే ఉంది. అంటే ఇంటికి డబ్బు పంపే పెద్దకూతురు దాన్ని తన నిర్ణయంగా భావిస్తోందా, తప్పించుకోలేని చెల్లింపుగా భావిస్తోందా అన్నది ముఖ్యం. పంపిన మొత్తం రెండు సందర్భాల్లోనూ ఒకటే కావచ్చు.

2025లో ఈ తేడా మీదే అక్కడ బహిరంగంగా వాదోపవాదాలు జరిగాయి. వృద్ధ తల్లిదండ్రులను పోషించని పిల్లలకు జైలు, జరిమానా విధించే బిల్లును సెనేటరు పాన్ఫిలో లాక్సోన్ మళ్లీ ప్రవేశపెట్టాడు. పోషణ బాధ్యత 1987 కుటుంబ స్మృతిలో ముందే ఉంది, శిక్షలు కొత్త. పిల్లలను హింసించిన, వదిలేసిన తల్లిదండ్రులకు ఇది వర్తించదని మినహాయింపు కూడా పెట్టాడు. అయినా యువతరం నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది. తల్లిదండ్రులను మేం చూసుకోం అని వారు అనలేదు. పిల్లలు పదవీవిరమణ పథకాలా అని అడిగారు. ఉతాంగ్ నా లోఓబ్ తరిగిపోతోందని పెద్దలు బాధపడ్డారు. నాకు మాత్రం వేరే లెక్క కనిపించింది. ఆ దేశంలో నిరుపేద వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే పింఛను నెలకు 500 పెసోలతో మొదలైంది. 2022 చట్టంతో 1,000 పెసోలకు పెరిగింది. మిగిలిన ఖర్చంతా దుబాయిలోనో హాంకాంగ్‌లోనో ఉన్న కూతురు భరిస్తోంది. రుణభావం ఎంత బలంగా ఉందో కొలిచే ప్రశ్నావళిలో ఈ అంకెకు చోటు లేదు. ఆ 1,000 పెసోలు 10,000 అయిన మరుసటి సంవత్సరం, అదే ప్రశ్నావళికి, అదే ఇళ్లలో, సెబువానోలో అడిగితే ఏ జవాబులు వస్తాయో చూడాలని నాకు ఉంది.